గోడమీది పటములు

భవభూతి మహాకవి రచించిన ఉత్తరరామచరితమున ప్రథమాంకమందు ఒక ముచ్చట యున్నది. పట్టాభిషేకమునకు వచ్చిన జనకమహారాజు మిథిలకు మరలిపోగా, నిండుచూలాలైన సీతాదేవి దిగులు చెందెను. ఆమెను ఊరడించుటకై లక్ష్మణుడు చిత్రకారునిచేత గోడపై వ్రాయించిన రామకథా చిత్రములను చూపించును. ఆ వరుసలో మిథిలలో జరిగిన పెండ్లి చిత్రము కూడ నున్నది. నలుగురు వరులు, నలుగురు వధువులు. లక్ష్మణుడు ఒక్కొక్కరినే చూపుచు సీతను, మాండవిని, శ్రుతకీర్తిని పేరుపేరున చెప్పి యూరకుండెను. నాలుగవయామె మాట యెత్తలేదు. సీత పరిహాసముగా ఆమె యెవరని యడుగగా, లక్ష్మణుడు సిగ్గుపడి, మాట దాటించి, పరశురాముని చిత్రమునకు సాగిపోయెను. పేరు చెప్పబడని ఆ వధువు ఊర్మిళ, ఆతని భార్యయే.

రసజ్ఞులు ఇచట లక్ష్మణుని లజ్జను మెచ్చుకొందురు. మెచ్చుకొనదగినదే. కాని పల్లెటూళ్లలో వసారా గోడలకు వ్రేలాడు పెండ్లి పటములను నిలిచి చూచినవారికి ఈ ఘట్టము మఱియొక తీరుగ తోచును. చిత్రమున ముఖ మున్నది. చెప్పెడివాడు పేరు మ్రింగినాడు. సీత ప్రక్క నుండి అడిగినది గనుక సరిపోయెను. అడుగువారును చెప్పువారును పోయిన పిమ్మట ఆ ముఖము ఎవరిది?

ఛాయాచిత్రము పుట్టక పూర్వము సామాన్యుని ముఖము లోకమున నిలిచిన జాడ లేదు. రాజులకు, రాజాశ్రితులకు మాత్రమే ఆ భాగ్యము. తిరుమల కొండపై శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవీ చిన్నాదేవులతో చేతులు మోడ్చి నిలిచిన లోహవిగ్రహములు కలవు. వానిపై వారివారి పేర్లును చెక్కబడి యున్నవి. హిందూపురము చెంతనున్న లేపాక్షిలో, అచ్యుతరాయల కాలమున వీరభద్రాలయమును కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారముతో కూడ మండపపు కప్పుమీది చిత్రములలో నేటికిని కనిపింతురు. తలపాగా మడతలు, చీరల అంచులు సైతము చెదరలేదు. కాని ఆ గుడికి రాళ్లెత్తిన కూలివాడు ఎట్లుండెనో ఎవరికిని తెలియదు. పల్లెలలో మనిషికి మిగిలినది లెక్కలలో పేరొక్కటే. పైమాషీ లెక్కలలో భూమికి నంబరు కలదు, నాలుగు దిక్కుల హద్దులు కలవు, విస్తీర్ణము సెంట్లతో సహా కలదు. ఆ భూమిని దున్నినవాని పొడవెంతయో, ముక్కుతీ రెట్టిదో వ్రాయుటకు గడి లేదు.

1839 ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరమున డాగేరు అను నాతని ప్రక్రియ లోకమునకు వెల్లడి చేయబడెను. వెండిపూత వేసిన రాగిరేకుపై వెలుతురే బొమ్మ గీయునట్టి విద్య యది. ఆ మరుసటి సంవత్సరముననే అది కలకత్తా చేరినది. చెన్నపట్టణమున 1856లో ఫోటోగ్రఫీ సంఘ మేర్పడెను. ఆ కాలముననే లిన్నేయస్ ట్రైపు అను సేనాధికారి ప్రభుత్వోద్యోగిగా ఎడ్లబండ్లపై సామగ్రి వేయించుకొని తంజావూరు, మధుర, తిరుచిరాపల్లి ప్రాంతములలో కోవెలలకును కోటలకును చిత్రములు తీసెను. 1868 మొదలు 1875 వరకు ఎనిమిది సంపుటములుగా భారతదేశ ప్రజల ఛాయాచిత్రములు ప్రభుత్వముచే ప్రకటింపబడినవి. అందు వందలకొలది ముఖములు కలవు. అయితే అవి చాలవరకు కులములకును తెగలకును మచ్చులుగా చూపబడినవే గాని ఫలానివాడని పేరు పెట్టి చూపినవి అరుదు. పరాయి ప్రభువుల కంటికి మనిషి జాతిగా కనబడెను. అందు వింత లేదు. తనవారి కంటికిని అట్లే కాకుండ చూచుకొనుట తరువాతి మాట.

ఆ రోజులలో పల్లెకు ఛాయాచిత్రము రాకపోవుటకు రుసుము మాత్రమే కారణము కాదు. 1851లో వచ్చిన తడిపలక పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, అది ఆరకమునుపే చిత్రము తీసి, ఆరకమునుపే కడుగవలెను. మన ఎండలలో ఆ మందు ఎంతసేపు తడిగా నుండును? కనుక చిత్రకారుడు ఎక్కడికి పోయిన అక్కడికి చీకటిగుడారము, మందుసీసాలు, నీటికుండలు వెంట పోవలసినదే. 1871లో మాడాక్సు అను ఆంగ్ల వైద్యుడు జెలటిన్ పూసిన పొడిపలకకు దారి చూపిన పిమ్మట ఈ బాధ తీరెను. పలకలు డబ్బాలలో సిద్ధముగా దొరకసాగినవి. తీసిన పలకను నల్లకాగితమున చుట్టి, వారము తరువాత పట్టణమునకు కొనిపోయి తాపీగా కడుగుకొనవచ్చును. 1893లో కృష్ణపై రైలు వంతెన, 1900లో గోదావరిపై రైలు వంతెన అమరినవి. చెన్నపట్టణమునుండి రైలులో పలకల డబ్బాలు, బెజవాడ, రాజమహేంద్రవరములనుండి కాలువ పడవలలో చిత్రకారులు. పల్లెకు ఛాయాచిత్రము వచ్చిన త్రోవ ఇది.

నైజాము రాజ్యమున ఈ విద్య ముందుగనే వన్నెకెక్కెను. మీరట్ సమీపమున సర్ధానాలో 1844లో జన్మించిన లాలా దీనదయాళు ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆదరమును పొంది, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పెను. 1892లో ఆతడు అంతఃపుర స్త్రీలకై ప్రత్యేకముగా ఒక స్టూడియోను తెరపించి, దానిని ఒక ఆంగ్ల వనిత చేతిలో నుంచెను. పరపురుషుని కంట బడకుండ స్త్రీలు అందు చిత్రములు తీయించుకొనిరి. నవాబుల ఇండ్ల ఆడువారికి లభించిన ఈ మరుగు పల్లెలలోని ఆడువారి కెవ్వరును కల్పింపలేదు. అందువలననే పల్లె పటములలో తొలినాట మగవారే యెక్కువ.

చిత్రకారుడు ఊరికి వచ్చుట యనగా ఒక తిరునాళ్ల వంటిది. మూడుకాళ్ల బల్ల, పెట్టె కెమేరా, నల్లగుడ్డ, రంగులు వేసిన తెర, ఇవి దింపుసరికి పిల్లలందరును గుమిగూడెడివారు. తెరపై రాజసౌధపు మెట్లు, స్తంభములు, పూలకుండీలు, దూరమున నొక చెరువు, అందు హంసలు. నాటకములవారి తెరయు ఈ తెరయు చూచుట కొక్క తీరుగనే యుండెడివి. పేడనీళ్లు చల్లిన వాకిట ఆ తెర వ్రేలాడదీసి, దాని ముందు మోతుబరి యింటి కుర్చీ వేసిన, ఎట్టివాడును సంస్థానాధిపతియే. పటమున క్రింది అంచున మాత్రము ముగ్గుచుక్కలు, కోడిపిల్ల, గడపకు రాసిన పసుపు దొరికిపోయెడివి. తెర దాచిన ఊరు ఆ అంచున బయటపడుచుండెను. చరిత్ర వ్రాయువానికి హంసలకంటె ఆ కోడిపిల్లయే ఎక్కువ పనికివచ్చును.

కూర్చుండుటకు కట్టుబాటులు కలవు. రెండుచేతులును మోకాళ్లపై, వ్రేళ్లు విడివిడిగా. ఉంగరములు కనబడుటకును, చేతులు కదలకుండుటకును అదియే ఉపాయము. పెదవులపై నవ్వు లేకుండుటకు మనవారి గాంభీర్యము ఒక్కటియే కారణమని తలపరాదు. చిత్రకారుడు అద్దముపై మూత తీసి ఒకటి, రెండు, మూడు అని లెక్కించి మరల మూయువరకు కదలక యుండవలెను. అంతసేపు నవ్వు నిలుచునా? అందుకే పెద్దలందరును రాతిబొమ్మలవలె, ఒడిలోని పసివాడు మాత్రము పొగవలె కనబడును. వాడు కదలినాడు. పక్కన ఎత్తుపీటపై పూలకూజా, గడియారము, చేతిలో పుస్తకము. అక్షరము ముక్క రానివారు సైతము పుస్తకము పట్టుకొని దిగిన పటములు పెక్కు కలవు. గ్రంథాలయ మెఱుగని యూళ్లలో పుస్తకమునకు దక్కిన గౌరవము అట్లు గోడ కెక్కినది.

పెండ్లిండ్ల సంగతి వేరు. మనవారి ముహూర్తములు తరచుగ రాత్రివేళ. కాగడాలు, పెట్రోమాక్సు దీపముల వెలుతురు ఆ కెమేరాకు చాలదు. మెగ్నీషియము పొడిని అంటించి వెలుతురు పుట్టించు పద్ధతి 1887లోనే వెలువడినది గాని, తాటాకు పందిరి క్రింద ఆ మంట రేపుట కెవ్వరు ఒప్పుకొందురు? కావున జీలకర్ర బెల్లము, మంగళసూత్రధారణము, తలంబ్రాలు ఏవియును చిత్రమునకు దొరకలేదు. మరునాటి ప్రొద్దున, రాత్రి నిద్ర లేని కన్నులతో, వాడిన బాసికములతో, వధూవరులను పందిరి వెలుపల ఎండపొడకు తెచ్చి కూర్చుండబెట్టెడివారు. ప్రాతకాలపు పెండ్లి పటములలో ఉత్సాహము కానరాదని నేటి పిల్లలు నవ్వుచుందురు. పాపము, వారు తెల్లవార్లు మేలుకొన్నవారు, ఎదుట ఎండ, కదలవద్దని ఆజ్ఞ, ప్రక్కనున్నవారు నిన్నటివరకు ఎఱుగనివారు.

ఆ పటములలో మఱియొక సంగతి కూడ వ్రాసి యున్నది. కుర్చీపై కూర్చున్న పెండ్లికూతురి కాళ్లు నేలకు అందవు. బాల్యవివాహ నిరోధక శాసనము 1929లో పుట్టి 1930 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చెను. దానిని తప్పించుకొనుటకు ఫ్రెంచివారి యేలుబడిలోనున్న యానాము చేరి పెండ్లిండ్లు చేసివచ్చిన తెలుగువారు పెక్కుమంది. జాతకములలో వయస్సు ఒకటి రెండేండ్లు పెంచి చెప్పవచ్చును. వ్రేలాడు కాళ్లు అబద్ధ మాడవు.

బంధుసమూహముతో తీయించు పెద్ద చిత్రమునకు నిండుపలక వాడెడివారు. ఎనిమిదిన్నర అంగుళముల పొడవు, ఆరున్నర అంగుళముల వెడల్పు. నడుమ కుర్చీలలో వధూవరులును వియ్యాలవారును. వెనుక బల్లలపై నిలిచిన పురుషులు. ముందు నేలపై పిల్లలు. ఇంతమంది ఇముడుటకు చిత్రకారుడు బహుదూరము వెనుకకు జరుగవలెను. అట్లు జరుగుటవలన, పిలువనివారు కూడ పలకలో పడుచుండిరి. గొడుగు పట్టుకొన్న పాలేరు, సన్నాయి చంకనిడుకొని చూచుచున్న భజంత్రీ, చాకలి చంద్రమ్మ యనియో చిట్టమ్మ యనియో పిలువబడిన ఆమె చంకలో యజమాని బిడ్డ. వారికి పటము ఇచ్చినవారు లేరు. తరువాత మనుమలు ఆ చిత్రమును పెద్దది చేయించునపుడు అంచులు కత్తిరింతురు గదా, ఆ కత్తిరింపులో మొదట పోవువారు వీరే. వారి ముఖము లోకమున నున్నది ఆ అంచుననే.

వితంతువులు మాత్రము అంచునకైనను రారు. శుభకార్యమున ఎదురుపడరాదను కఠినమైన ఆచారము వారిని వంటయింటి వెనుకనే ఉంచెను. తల్లి చనిపోగా మనుమని పెంచి పెద్దజేసి, పెండ్లికి అప్పడములు, వడియములు, అరిసెలు తానై చేయించిన మామ్మ ఆ పెండ్లి పటమున నుండదు. ఇంటిల్లిపాదిని చూపు చిత్రమని మురిసి చెప్పుదురు గాని, ఆ యింట అందరికంటె ముందు లేచినయామె అందు లేదు. పటమున లేనివారిని లెక్కింప నేర్చినప్పుడు గాని ఆ పటము చదువ వచ్చినట్లు కాదు.

ఇక మరణము. తెలుగు పల్లెలలో ఛాయాచిత్రమునకును చావునకును ఉన్న చుట్టరికము చిత్రమైనది. ఫోటో తీయించుకొన్న ఆయువు తగ్గునని పెద్దలు భయపడుచుండిరి. గర్భిణులు దిగరాదనిరి. ముగ్గురు కలిసి దిగరాదనిరి. దిగిన ముగ్గురిలో నొకరు పోవుదురట. ఆ కారణమున ముగ్గు రన్నదమ్ములు దిగవలసివచ్చిన, పొరుగింటి పసివానిని నాలుగవవానిగా నిలుపుకొనెడివారు. ఆ పసివా డెవడో ఇపుడు ఇంటివారికే తెలియక, లేని నాలుగవ తమ్ముని కొరకు వంశవృక్షమంతయు వెదకుకొనుట కలదు.

బ్రతికియుండగా భయపడి దిగనివారి ముఖము పోయిన పిమ్మట కావలసివచ్చెను. చనిపోయిన పెద్దను స్నానము చేయించి, క్రొత్త పంచె కట్టి, కుర్చీలో కూర్చుండబెట్టి, జారిపోకుండ గుడ్డతో వెనుకకు కట్టి, కొడుకులును కోడండ్రును ఇరుప్రక్కల నిలిచి తీయించుకొన్న చిత్రములు ఎన్నో యూళ్లలో నేటికిని కలవు. కబురందిన చిత్రకారుడు సైకిలుపై వచ్చువరకు శవమును ఎత్తకుండ ఎదురుచూచెడివారు. పట్టణమునకు పోయిన పిమ్మట కుంచె పట్టినవాడు మూసిన కన్నులను తెరిచినట్లు దిద్దెడివాడు. ఆ కన్నులు ఎటు చూచుచున్నవో చెప్పలేము. నిజమైన కన్నులు కావు గనుక. ఇంటివారు మాత్రము దానిని వికారముగ నెంచలేదు. ఆయన యనంతరము ఆయనను చూచుకొనుటకు అది యొక్కటియే దారి. భాసుని ప్రతిమానాటకమున భరతుడు మేనమామ యింటినుండి వచ్చుచు, అయోధ్య వెలుపల ప్రతిమాగృహమున విశ్రమించును. దిలీపుడు, రఘువు, అజుడు, వారి సరసన దశరథుని ప్రతిమ. బ్రతికియున్నవారి ప్రతిమలు కూడ నుంతురా యని కాపరి నడుగగా, లేదు, గతించినవారివి మాత్రమే యని యాతడు చెప్పును. భరతునకు తండ్రి మరణము తెలిసినది అట్లు. పల్లెయింటి గోడయు అట్టి ప్రతిమాగృహమే. పరదేశమునుండి వచ్చిన కొడుకు గడప దాటగనే తండ్రి పటమునకు దండ యున్నదా లేదా యని చూచును. దండ యున్న మాట్లాడ పనిలేదు.

రంగూనునకు కూలికి పోయినవారి విషయమున ఇది త్రిప్పి జరిగెను. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలకొలది తెలుగువారు బర్మాకు ఓడలెక్కిరి. కొందరు అచటి స్టూడియోలలో బూటు తొడిగి, చేతికఱ్ఱ పట్టి దిగి, ఆ పటమును జాబుతో కూడ ఇంటికి పంపుచుండిరి. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు కురిపించిరి. మరు సంవత్సరము అడవిదారుల నడిచి వచ్చినవారు కొందరు. దారిలోనే పోయినవారు కొందరు. పోయినది రూఢిగా తెలియని మనిషి పటమునకు దండ వేయుదురా? బొట్టు తీయుదురా? ఆ పటము దండ లేకయే గోడపై నుండిపోయెను; దాని క్రింద ఆ యింటి యిల్లాలు బొట్టుతోనే వృద్ధురా లయ్యెను. అట్టి ఇండ్లు తీరము పొడుగునను కలవు.

పెండ్లిచూపులకు పిల్లను చూచుటకు పోవుటకు బదులు పిల్ల ఫోటో పంపుడనుట తరువాతి వాడుక. పట్టణములో చదువుకొన్న వరునకు ఇది సుఖముగ నుండెను. పిల్ల తండ్రికి ఖర్చు. పట్నము స్టూడియోలో కూర్చుండబెట్టి, పెన్సిలుతో నెగటివుపై దిద్ది, చామనచాయను పసిమిగా మార్చి యిచ్చెడివారు. చూడవచ్చిన వియ్యాలవారు ఫోటోలోని పిల్ల ఈమెయేనా యని అడిగిన సందర్భములు తెలుగునాట కథలుగా చెప్పుకొందురు. కుదరని సంబంధములనుండి ఆ ఫోటోలు తిరిగి రావు. ముక్కు మొగము తెలియని ఎవరెవరి యిండ్లలోనో తమ కుమార్తెల ముఖములు పడియున్నవను బెంగ ఎందరో తండ్రులు మనసున నిడుకొని పోయిరి.

చుట్టఫిల్ములు వచ్చిన పిమ్మట చిత్రకారుని మోత తేలికయ్యెను. ఒక చుట్టకు పండ్రెండు చిత్రములు తీయు పెట్టె కెమేరా, ఆగ్ఫా క్లిక్-3 వంటిది, ఊరి బడిపంతులు చేతికి కూడ వచ్చెను. ఉదకమండలమున 1960లో స్థాపింపబడిన హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్సు సంస్థ 1967 నుండి ఇందు అను పేర దేశీయమైన ఫిల్మును కాగితమును తయారుచేసి పెక్కేండ్లు సరఫరా చేసెను. గాజుబుడ్డి ఫ్లాషులు, ఆపై బ్యాటరీ ఫ్లాషులు, ఊళ్లకు కరెంటు; వీటితో చిత్రము రాత్రి ముహూర్తమునకు ప్రవేశించెను. తాళి కట్టునపుడు పురోహితుడు చిత్రకారునివైపు చూచి ఒక్క క్షణ మాగుట అప్పటినుండి వచ్చిన సంప్రదాయము. ఏ గృహ్యసూత్రమునను లేదు. 1980 తరువాత రంగుల చిత్రములు, ఆపై వీడియోలు, ఇపుడు సెల్లుఫోనులు. వీనినిగూర్చి అందరును ఎఱిగినదే.

అందరును ఎఱుగనిది ఒకటి కలదు. ప్రాత నలుపు తెలుపు చిత్రమున నల్లగా కనబడునదంతయు వెండియే. వెండిలవణములపై వెలుతురు సోకి, మందునీటిలో శుద్ధమైన వెండి రేణువులుగా నిలుచుటయే ఆ విద్య. రజతోత్సవ సంచికలో చెప్పదగిన మాటయే. ఆ వెండి, సరిగా కడిగి ఆరబెట్టిన యెడల, నూరేండ్లయినను చెక్కుచెదరదు. రంగుల చిత్రములందు నిలుచునవి రంగుద్రవ్యములు, అవి వెలిసిపోవును. అందువలన తాతగారి పెండ్లి పటము నేటికిని నిలిచియుండగా, 1985లో జరిగిన మనుమని పెండ్లి ఆల్బములో చీరలన్నియు ఒకే ఎఱ్ఱగా, ముఖములు పాలిపోయి కనబడుచున్నవి. డబ్బెక్కువ పెట్టినదియే ముందు పోయినది.

నిలుచు గుణమున్న వెండిచిత్రములును మన నిర్లక్ష్యమువలన పోవుచున్నవి. హైపో సరిగా కడుగని కాగితము పచ్చబడును. వానకాలపు గోడ చెమ్మకు చిత్రము అద్దమునకు అంటుకొనును. లాగిన ముఖము అద్దముతో వచ్చును. వెనుక అట్టను చెదలు తినును. స్టూడియోల వద్ద గుట్టలుగా నున్న గాజుపలకల గతి ఇంకను దుఃఖకరము. పలుచోట్ల వాటిని వేడినీట నానబెట్టి, పైపొర గీకి, ఆ గాజును పటములకు అద్దములుగా అమ్మిరి. ఒక తరము ముఖములను గీకిన గాజుతో మఱియొక తరమునకు పటములు కట్టిరి.

పేదయింట చాలకాలము వరకు గోడపై దేవుని పటములు తప్ప మనుష్యుల పటములు లేవు. 1894లో రాజా రవివర్మ స్థాపించిన ముద్రణాలయమువలన లక్ష్మీ సరస్వతులు కాణీ పరకలకు ఇంటింటికి వచ్చిరి గాని, ఇంటి ముసలమ్మ రాలేదు. ఆమెను తెచ్చినది ఎన్నికల సంఘము. 1993లో ఓటర్లకు ఫోటో గుర్తింపుకార్డులు ఇయ్యవలెనని నిర్ణయించినపుడు, పంచాయతీ ఆఫీసు ముందో బడి వసారాలోనో వరుసగా నిలుచుండి, కొందరు తమ అరువది డెబ్బదియేండ్ల జీవితమున మొట్టమొదటిసారి కెమేరా యెదుట కూర్చుండిరి. భూమి గలవారికి పట్టాదారు పాసుపుస్తకము ముందే ఫోటో అడిగియుండెను. భూమి లేనివారికి ఓటే ఆధారము. 2010 నుండి ఆధారు కార్డు. ఇపుడు పల్లెలో ఎవరైన పోయిన, కొడుకు మొదట వెదకునది ఆ కార్డే. తపాలాబిళ్లంత ముఖమును పెద్దది చేయించి, వెనుక నీలాకాశమో తిరుమల గోపురమో చేర్చి, మెడలో అచ్చుదండ వేయించి పటము కట్టింతురు. బెదిరిన ఆ చూపు అటులనే యుండును. అయినను అది ఆమె ముఖమే. దాని వెనుక, కార్డుపై, ఆమె పేరును అచ్చుపడియున్నది. తాలూకా మొత్తమున గొప్ప యింటిదని చెప్పబడు పెండ్లి పటమున జరీచీరతో కూర్చున్న యామెకు ఆ భాగ్యము కలుగలేదు.

పెండ్లి పటముల వెనుక ఏమి వ్రాసి యుందురో చూచినవారికి ఈ మాట అతిశయోక్తిగా తోచదు. స్టూడియో ముద్ర యుండును. తేది యొక్కొక్కప్పుడు. మగవారి పేర్లు ఇంటిపేర్లతో. ఆడువారికి అన్నగారి భార్య, పెద్దక్క, మా యింటివారు. భార్యపేరు భర్తయు, భర్తపేరు భార్యయు నోట పలుకని కాలము గనుక వ్రాతయు అటులనే సాగెను. అన్నగారు ఎవరో తెలియనినాడు అన్నగారి భార్య యెవరు? ఒకే యింట వరుసగా ముగ్గురు కోడండ్రు పురిటిలో పోయిన కాల మది. పటములోని యామె మొదటి భార్యయా, రెండవ భార్యయా యని మనుమలు తగవులాడుకొనుట వినవచ్చును. ఎవరి కడుపున పుట్టినదియు ఆ తగవులో నున్నది.

ఆ పేర్లు తెలిసినవారు ఊరూర ఇంకను కొందరున్నారు. ఎనుబది దాటినవారు, ముఖ్యముగ ఆడువారు. మధ్యాహ్నపువేళ పటమును దింపి, దుమ్ము తుడిచి, వారి ముందు ఉంచిన యెడల చూపు ఆనకపోయినను వ్రేలితో తడవి చెప్పుదురు. వరుసలే గాక ఊళ్లు, కట్నములు, ఆ దినమున వడ్డించిన కూరలు కూడ చెప్పుదురు. చెప్పుచున్నప్పుడు వ్రాసికొనుటకు పద్ధతి యున్నది. పటముపై పలుచని కాగితమును పరచి, ఒక్కొక్క తల చుట్టును సున్న చుట్టి, ఎడమనుండి కుడికి అంకె వేయవలెను. వేరొక కాగితమున ఆ అంకెల యెదుట పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టినింటి ఊరు వ్రాయవలెను. గొడుగు పట్టినవానికిని, బిడ్డ నెత్తుకొన్నయామెకును అంకె తప్పక వేయవలెను. పటము వెనుక సిరాతో వ్రాయరాదు. సిరా ఊరి ముఖములపైకి దిగును. మెత్తని పెన్సిలుతో, నొక్కకుండ, అంచున వ్రాయవలెను. పేరు తెలియరానివారి అంకె యెదుట గడిని ఖాళీగా విడువవలెను, కొట్టివేయరాదు. పొరుగూరినుండి వచ్చిన ఏ చుట్టమైనను దానిని నింపవచ్చును.